వ్యవసాయ జోన్‌లో పడిన పొలానికి నష్టం ఎవరు భరించాలి? – నగర విస్తరణ, సాగుభూమి రక్షణపై చర్చ

కృష్ణాతీరం (మంగళగిరి ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. మా ప్రాంతపు పట్టణాభివృద్ధి సంస్థ భూ వినియోగ ప్రణాళికను సవరించే పనిలో ఉంది. ముసాయిదా బయటకు వచ్చాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ కాబట్టి, అంతకు ముందే రైతులుగా మనం ఏమి అడగాలో తేల్చుకోవడం మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా ఆలోచనకు మూలం రెండు సంఘటనలు. 2015 చివర్లో రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ విడుదల చేసిన ముసాయిదా ప్రణాళికలో, రాజధాని నగరం వెలుపల ఉన్న విస్తారమైన భూములను వ్యవసాయ పరిరక్షణ మండలాలుగా చూపారు. అమరావతి కోసం ఏటా మూడు పంటలు పండే భూములు పోతున్నాయని అప్పటికే విమర్శలు ఉన్నాయి కనుక, మిగిలిన పొలాలనైనా కాపాడతామంటే రైతులు సంతోషిస్తారని ప్రణాళిక రాసినవారు అనుకొని ఉండవచ్చు. జరిగింది వేరు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆ మండలాలను గట్టిగా వ్యతిరేకించారు, ప్రభుత్వం ఆంక్షలను సడలించక తప్పలేదు. రెండవది 2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది. అక్కడ పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారని రైతులు రోడ్డెక్కారు, ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, చివరకు పురపాలక సంఘమే ఆ ముసాయిదాను ఉపసంహరించుకుంటూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాల ముసాయిదా కూడా వెనక్కు పోయింది.

వ్యవసాయ జోన్ వద్దని ఒకచోట, పారిశ్రామిక జోన్ వద్దని మరొకచోట రైతులే పోరాడారు. వీరికి ఏమి కావాలో వీరికే తెలియదని కొందరు తేలికగా అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. రెండు చోట్లా రైతు భయం ఒక్కటే: తనను అడగకుండా మ్యాపులో వేసిన రంగు తన ఏకైక ఆస్తి విలువను శాశ్వతంగా నిర్ణయిస్తుందని. కూతురి పెళ్లికైనా, కొడుకు చదువుకైనా, ఆసుపత్రి ఖర్చుకైనా అమ్ముకోగలిగేది ఆ ఎకరమే. గట్టుకు అవతలి పొలం నివాస జోన్‌లోకి వెళ్లి కోట్లకు అమ్ముడుపోతుంటే, గట్టుకు ఇవతలి పొలం లోకమంతటి ఆహార భద్రత కోసం పొలంగానే ఉండాలంటే, ఆ త్యాగాన్ని ఒక్క కుటుంబం ఎందుకు చేయాలి?

నా వాదన ఇది. సాగుభూమిని కాపాడే ఖర్చును పొలం యజమాని ఒక్కడి మీదే మోపినంత కాలం ఏ వ్యవసాయ జోనూ నిలవదు. పొలాలు పొలాలుగా ఉండడం వల్ల లాభపడే నగరం ఆ ఖర్చులో వాటా ఇవ్వాలి. ఎలా ఇవ్వాలన్నది మీరందరూ చెప్పాలని కోరుతున్నాను.


మాస్టర్ ప్లాన్ (విశ్రాంత పట్టణ ప్రణాళిక ఉద్యోగి)

కృష్ణాతీరం గారూ, ముందుగా చట్టం గురించి కొంత చెప్పనివ్వండి, ఎందుకంటే మన దగ్గర పొలాన్ని ప్లాటుగా మార్చే దారులు రెండు ఉన్నాయి, చాలామంది ఆ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

మొదటిది రెవెన్యూ దారి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఒక చట్టం వచ్చింది. అందరూ నాలా అని పిలిచేది దీనినే. ఆ చట్టం ప్రకారం భూమి విలువలో కొంత శాతం రుసుముగా కట్టి అనుమతి తీసుకోవాలి. ఆ భూమికి నీరు ఉందా, ఎన్ని పంటలు పండుతుంది, పక్క పొలాలకు నీరు ఎలా వెళ్తుంది అన్న ప్రశ్నలకు ఆచరణలో పెద్దగా బరువు ఉండేది కాదు. ప్రభుత్వాల దృష్టిలో అది ఆదాయ మార్గంగానే మిగిలింది. తెలంగాణలో ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ వచ్చిన తరువాత ఆ మార్పిడి దరఖాస్తు కూడా తహసీల్దారు కార్యాలయంలో ఒక స్లాటు బుకింగు స్థాయికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో ఆ చట్టాన్నే రద్దు చేసి, దాని స్థానంలో భవన, లేఅవుట్ అనుమతుల దశలో బాహ్య అభివృద్ధి రుసుము వసూలు చేసే పద్ధతిని తెచ్చింది. వ్యాపార సౌలభ్యం దృష్టిలో అది మంచి సంస్కరణే కావచ్చు. అయితే పొలం రూపు మారకముందు ఒక అధికారి ఆగి చూడవలసిన చివరి గడప కూడా దానితో పోయింది, అది బలహీనమైన గడపే అయినా సరే.

రెండవది ప్రణాళిక దారి. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ లేదా కన్జర్వేషన్ జోన్‌గా ఉన్న భూమిని నివాస జోన్‌కు మార్చమని అడిగే దరఖాస్తును అందరూ సీఎల్‌యూ (భూ వినియోగ మార్పు) అంటారు. 2013 జనవరిలో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్‌ను తీసుకోండి. సుమారు ఆరు వేల చదరపు కిలోమీటర్లకు ఒక బొమ్మ గీసి, ఏ భూమి ఎందుకో నిర్ణయించారు. ఆ బొమ్మను ఎన్నేళ్లకు ఒకసారైనా మొత్తంగా తిరిగి చూసి మార్చడంలో తప్పు లేదు. ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క జీవో ఇస్తూ మార్చడం మొదలుపెడితే మాత్రం, ఆ ప్రణాళిక మీద ఎవరికీ నమ్మకం మిగలదు. పలుకుబడి ఉన్నవాడి పొలానికి మార్పు వస్తుంది, లేనివాడి పొలానికి రాదు. రైతులు వ్యవసాయ జోన్‌ను వ్యతిరేకించడానికి ఇది కూడా ఒక బలమైన కారణమని నా ఉద్యోగ జీవితమంతా చూశాను. ఈ రోజు తనను జోన్‌లో కట్టిపడేసి, రేపు తన దగ్గర చౌకగా కొన్నవాడికి మార్పు ఇస్తారన్నది వారి అనుమానం. ఆ అనుమానం నిరాధారమని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్ సంగతి. నీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని, వేరే మార్గం లేనప్పుడు మాత్రమే సేకరించాలని, సేకరిస్తే అంతే విస్తీర్ణంలో బంజరును సాగులోకి తేవాలని లేదా ఆ మేరకు డబ్బు జమ చేయాలని అది చెబుతుంది. రైల్వేలు, రహదారులు, కాలువలు వంటి వాటికి మినహాయింపు ఉంది. ఈ సెక్షన్‌ను చూసి చాలామంది మన పొలాలకు రక్షణ ఉందనుకుంటారు. ప్రభుత్వం బలవంతంగా సేకరించినప్పుడే అది పనిచేస్తుంది. రియల్టరు కొంటే వర్తించదు, రైతు భూమి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే భూసమీకరణకూ వర్తించదు. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో తెచ్చిన సవరణలతో 10ఎ సెక్షన్ చేరింది. మౌలిక వసతులు, పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులను ఆ రక్షణ నుంచి కూడా మినహాయించే అధికారం దానితో రాష్ట్రాలకు వచ్చింది.


చేవెళ్ల పొలం

పెద్దలకు నమస్కారం. మాది 111 జీవో ఊరు. కృష్ణాతీరం గారు అడిగిన ప్రశ్నను మేము పాతికేళ్లకు పైగా అడుగుతూనే ఉన్నాము.

1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996 మార్చిలో ఆ జీవో ఇచ్చారు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాలు దాని కిందికి వచ్చాయి. పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదన్నారు. దాని ఉద్దేశం తప్పని నేను ఏనాడూ అనలేదు. ఆ చెరువుల నీళ్లు తాగి పెరిగిన నగరం అది, వరద వస్తే ఆపేదీ అవే. మా నాయన కూడా అదే మాట అనేవాడు.

కానీ నియమం ఎవరి మీద అమలైందో చూడండి. మా ఊళ్లో రైతు తన పొలంలో ఇల్లు పెద్దది చేసుకుంటానంటే పంచాయతీ నోటీసు వచ్చేది. అదే ఊళ్లో నగరంవారు కొన్న తోటల్లో ఎత్తయిన గోడలు లేచాయి, లోపల ఫంక్షన్ హాళ్లు వెలిశాయి, బోర్లు పడ్డాయి. పొలంగా ఉంచాలని పెట్టిన నియమం మా ఊళ్లో పొలాన్ని ఉంచలేదు. పండించేవాడి చేతిలో నుంచి ఆగగల స్తోమత ఉన్నవాడి చేతిలోకి భూమి మారింది. ధర తక్కువగా ఉన్నప్పుడు అవసరానికి అమ్ముకున్నది మేము. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆంక్షలు తొలగిస్తూ జీవో 69 ఇచ్చి, 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తివేస్తున్నట్లు చెప్పేనాటికి, ఆ పెరిగే ధర అందుకోవడానికి మాలో చాలామందికి భూమే మిగల్లేదు.

ఈ అనుభవంతో నేను చెప్పేది ఒక్కటే. నష్టపరిహారం లేని రక్షణ, రక్షణ లేకపోవడం కంటే కూడా కొన్నిసార్లు పేద రైతుకు ఎక్కువ చేటు చేస్తుంది. నిషేధం మాత్రమే పెట్టి, ఆ నిషేధంతో పోయిన విలువకు రూపాయి ఇవ్వకపోతే, అది రైతును తక్కువ ధరకు అమ్ముకోమని చెప్పడమే అవుతుంది.


మధ్యతరగతి

నేను రైతును కాను, హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటున్న ఉద్యోగిని. ఈ చర్చలో మా వైపు మాట కూడా రావాలి. 2011 జనగణన నాటికే తెలంగాణలో పట్టణ జనాభా 39 శాతానికి దగ్గరగా ఉంది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నగరం లోపల ఫ్లాటు కొనలేక నాలాంటివారు ఔటర్ రింగు రోడ్డు అవతల రెండు వందల గజాలు కొనుక్కొని, ఏనాటికైనా ఇల్లు కట్టుకుంటామని ఆశతో వాయిదాలు కడుతున్నారు. పొలాలన్నీ కట్టడి చేస్తే భూమి ధర ఇంకా పెరిగి, మాకు ఆ ఆశ కూడా ఉండదు. పొలాలు కాపాడాలన్న మాటకు నేను వ్యతిరేకిని కాదు. మేము ఎక్కడికి వెళ్లాలో కూడా అదే ప్రణాళికలో చెప్పమని అడుగుతున్నాను.


మాస్టర్ ప్లాన్

మధ్యతరగతి గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానం ఇవ్వని సాగుభూమి విధానం ఏదీ నిలవదని నేను కూడా నమ్ముతాను.

అయితే ఇప్పుడు పొలాలను మింగుతున్నది ఇళ్లేనా అన్నది ఒకసారి చూడాలి. 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 25 లక్షలు వచ్చాయి. ఇన్ని లక్షల ప్లాట్లు అనుమతి లేకుండా అమ్ముడుపోయాయంటే, ఆ భూమిలో అధిక భాగం ఒకప్పుడు చేలే. రాష్ట్రంలో ఏ రహదారి వెంట వెళ్లినా రాళ్లు పాతి, గేటు కట్టి, లోపల తుమ్మ చెట్లు మొలిచిన లేఅవుట్లు కనిపిస్తాయి. వాటిలో పంటా లేదు, ఇల్లూ లేదు. అక్కడ భూమి డబ్బు దాచుకునే చోటుగా మారింది. దీనికి తోడు ఇప్పుడు ఫామ్ ప్లాట్ల పేరుతో గుంటల లెక్కన అమ్మడం మొదలైంది. మార్పిడి చేయకుండానే, పట్టా పుస్తకంలో వ్యవసాయ భూమిగానే ఉంటూ, ఎకరం ఎనిమిది ముక్కలు అవుతుంది.

కాబట్టి నగరం పెరగడాన్ని ఆపమని ఎవరూ అనడం లేదు. రోడ్డు, నీళ్లు, మురుగునీటి పైపులు ముందుగా వేసిన చోటే కొత్త లేఅవుట్లకు అనుమతి ఇవ్వడం, ఖాళీ ప్లాటు ఏళ్ల తరబడి ఉంచుకుంటే పన్ను భారంగా ఉండేలా చేయడం అనే రెండు పనులు జరిగితే, మీలాంటి వారికి అందుబాటులో ఉండే భూమి నగరానికి దగ్గరలోనే దొరుకుతుంది. మన పురపాలక చట్టాల్లో ఖాళీ స్థలాల పన్ను ఉంది, కానీ అది భూమి విలువలో ఒక శాతం కూడా ఉండదు, వసూలు అంతకన్నా తక్కువ. ఏటా ధర అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంటే ప్లాటును ఖాళీగా ఉంచడమే లాభం. మరి అటువంటప్పుడు కొన్నవారు ఇల్లు ఎందుకు కడతారు?


కౌలు బిడ్డ

ఇక్కడ అందరూ పొలం యజమాని గురించే మాట్లాడుతున్నారు. డెల్టాలో దున్నేవాడు చాలాచోట్ల యజమాని కాదు. మా నాన్న ఇప్పటికీ కౌలుకే చేస్తారు.

అమరావతి భూసమీకరణలో ఎకరం జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన నేల) ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, మెట్ట ఇచ్చినవారికి 1,000, 250 గజాలు ఇస్తామన్నారు. దానికి తోడు పదేళ్లపాటు ఏడాదికి జరీబుకు 50,000, మెట్టకు 30,000 రూపాయల కౌలు, ఏటా కొంత పెంపు. పేరుకు అది కౌలు, చేరేది మాత్రం యజమానికి. ఆ నేలలో పూలు కోసినవారికి, అరటి గెలలు మోసినవారికి, సొంత భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. కౌలుదారుకు ఎకరం పోయినందుకు ప్రత్యేకంగా ఇచ్చిందేమీ లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, కౌలుదారుకు సాగు హక్కు కార్డు కావాలంటే యజమాని ఒప్పుకోవాలి, అదీ పదకొండు నెలలకే. రియల్ ఎస్టేటు ఆశ ఉన్న ఊళ్లలో ఏ యజమానీ సంతకం పెట్టడు, రేపు అమ్మేటప్పుడు చిక్కు వస్తుందేమోనని భయం.

కృష్ణాతీరం గారు నగరం వాటా ఇవ్వాలన్నారు. ఆ వాటా యజమాని ఖాతాలోకి మాత్రమే వెళ్లి, అతను పొలాన్ని బీడుగా వదిలేసినా వస్తూనే ఉంటే, పంట ఎక్కడ కాపాడినట్టు? పండిస్తున్నందుకు ఇచ్చే డబ్బులో పండించేవారికి భాగం రాసి తీరాలి. లేకపోతే మీ విధానం భూమి పత్రాన్ని కాపాడుతుంది, వ్యవసాయాన్ని కాపాడదు.


పంట కాలువ (నీటిపారుదల శాఖలో పని చేసినవారు)

ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ నీటి మాట పెద్దగా ఎత్తలేదు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ఒక పిల్ల కాలువ కింద తూము (నీరు వదిలే ద్వారం) నుంచి చివరి చేను వరకు బోదె (చేల మధ్య చిన్న కాలువ) వెళ్తుందనుకోండి. మధ్యలో రెండెకరాల యజమాని అమ్మేశాడు, కొన్నవారు గ్రావెల్ తోలించి మూడు నాలుగు అడుగుల మెరక చేసి చుట్టూ ప్రహరీ కట్టారు. రికార్డు ప్రకారం పోయింది ఆ రెండెకరాలే. క్షేత్రంలో ఏమవుతుందో చూడండి. బోదె ప్రహరీ కింద పూడిపోతుంది. దిగువ రైతులు అడిగితే ఒక పైపు వేస్తారు, ఆ పైపు మొదటి వర్షాకాలంలోనే చెత్తతో మూసుకుంటుంది. ఊడ్పుల సమయంలో ఆకుమడి ముదిరిపోతుంటే చివరి చేలకు నీరు అందదు. నవంబరులో తుపాను వస్తే పై చేల నీరు దిగడానికి మురుగు బోదె ఉండదు, కోతకు వచ్చిన వరి నీటిలో పడి మొలకెత్తుతుంది. రెండు మూడు పంటలు ఇలా నష్టపోయిన తరువాత ఆ చివరి రైతు తన పొలాన్ని తక్కువ ధరకు అమ్ముతాడు. కొన్నవాడు మళ్లీ మెరక చేస్తాడు. అలా రెండెకరాల అనుమతి మొత్తం బోదె కింది పొలాన్ని తినేస్తుంది. ఆ చివరి రైతును ఎవరూ అమ్మమని బలవంతం చేయలేదు, కాబట్టి ఏ లెక్కలోనూ అతని పేరు ఉండదు.

తెలంగాణలో చెరువు ఆయకట్టుకు ఇదే గతి పడుతున్నది. చెరువు శిఖం (చెరువు లోపలి భూమి), ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు, మంచిదే. కానీ తూము కింది ఆయకట్టు అంతా ప్లాట్లయ్యాక చెరువుకు యజమానులు ఎవరు? నీరు వాడుకునే రైతు లేకపోతే తూము బాగుచేయమని, కట్ట మీద తుమ్మలు కొట్టమని అడిగేవాడు ఉండడు. చెరువు నిండుగా ఉంటే ప్లాట్లలోకి నీళ్లు వస్తున్నాయని అలుగు కొట్టేయమనేవారు మాత్రం ఉంటారు.

అందుకని భూ వినియోగ ప్రణాళికలో రక్షణకు కొలమానం సర్వే నంబరు కాకూడదు. ఒక తూము కింద, ఒక బోదె కింద ఉన్న పొలం మొత్తాన్ని ఒకే ఖండంగా తీసుకోవాలి. ఉంచితే మొత్తం ఉంచాలి. వదలాలనుకుంటే కాలువ చివర నుంచి మొదలుపెట్టి వరుసగా వదలాలి, మధ్యలో చిల్లులు పెట్టకూడదు. ఏ తూము కింద ఎంత ఆయకట్టు ఉందో చూపే పటాలు శాఖ దగ్గర పూర్వం నుంచీ ఉన్నాయి. వాటిని మాస్టర్ ప్లాన్ మీద పరిచి చూడడానికి కొత్త సర్వే కూడా అక్కరలేదు.


జర్మన్‌టౌన్ తెలుగు (మేరీల్యాండ్)

నేను తెనాలి దగ్గర పుట్టి, ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ నగరానికి ఉత్తరాన ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో ఉంటున్నాను. చేవెళ్ల పొలం గారి మాట చదివాక ఇక్కడి పద్ధతి చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇక్కడివారికి కూడా సరిగ్గా అదే ప్రశ్న ఎదురైంది.

1980లో ఈ కౌంటీ సుమారు 93,000 ఎకరాలను, అంటే మొత్తం విస్తీర్ణంలో మూడో వంతుకు దగ్గరగా, వ్యవసాయ రిజర్వుగా ప్రకటించింది. అంతకు ముందు అయిదెకరాలకు ఒక ఇల్లు కట్టుకోవచ్చు. కొత్త నియమంతో పాతిక ఎకరాలకు ఒక ఇల్లే. పోయిన ఆ హక్కును ఊరికే తీసేసుకోలేదు. ప్రతి అయిదెకరాలకు ఒకటి చొప్పున బదిలీ చేయగల నిర్మాణ హక్కును రైతుకు ఇచ్చారు. నగరం వైపు, మెట్రో స్టేషన్ల వంటి చోట్ల, మామూలు కంటే ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డరు ఆ హక్కును రైతు దగ్గర కొనాలి. రైతుకు డబ్బు వస్తుంది, పొలం ఆయనదే, అమ్మిన హక్కు మేరకు అక్కడ ఇళ్లు కట్టే వీలు మాత్రం శాశ్వతంగా పోతుంది. కాబట్టి పొలాన్ని కాపాడే ఖర్చు ప్రభుత్వ బడ్జెటు మీద కూడా పడదు, నగరంలో ఎత్తుగా కట్టి లాభం పొందేవారి మీద పడుతుంది.

అంతా సవ్యంగా జరిగిందని నేను అనను. హక్కులు కొనే చోట్లు సరిపడా లేకపోతే వాటి ధర పడిపోతుంది, రైతులు అసంతృప్తి చెందుతారు. ఇక్కడ అది జరిగింది కూడా. అయినా నలభై ఏళ్లు దాటాక, దేశ రాజధానికి గంట దూరంలో ఆ పొలాలు ఇంకా ఉన్నాయి, వారాంతాల్లో వాటి కూరగాయలు మా ఇంటికి వస్తాయి.


చేవెళ్ల పొలం

జర్మన్‌టౌన్ తెలుగు గారూ, చాలా విలువైన సంగతి చెప్పారు. మాకు 1996లో ఇటువంటిది ఇచ్చి ఉంటే మా ఊరి చరిత్ర వేరుగా ఉండేది.

నాకు ఉన్న సందేహం ఇది. ఈ బదిలీ చేయగల నిర్మాణ హక్కునే టీడీఆర్ అంటారు, మన దగ్గర అది కొత్త మాట కాదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి హైదరాబాదులోనూ ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ టీడీఆర్ బాండ్లు ఇస్తున్నారు. వాటికి గిరాకీ ఉండాలంటే, బాండు లేకుండా అదనపు అంతస్తు కట్టడం అసాధ్యం కావాలి. హైదరాబాదులో చాలాచోట్ల రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు ఉంటే చాలు, ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చు, స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. పరిమితే లేని చోట హక్కు కొనవలసిన అవసరం బిల్డరుకు ఏముంటుంది? రైతు చేతిలో ఒక కాగితం మాత్రం ఉంటుంది, కొనేవాడు రాడు. ఎకరం భూమిని కాగితానికి మార్చుకొమ్మంటే మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు.


మాస్టర్ ప్లాన్

చేవెళ్ల పొలం గారు సరైన చోట వేలు పెట్టారు. నగరం లోపల ఎత్తుకు ధర కట్టకుండా, నగరం బయట పొలానికి పరిహారం దొరకదు. ఈ రెండు నిర్ణయాలూ ఒకే ప్రణాళికలో, ఒకే రోజు జరగాలి. ప్రభుత్వాలు మొదటిది చేయడానికి వెనుకాడతాయి, ఎందుకంటే బిల్డర్లు ఒప్పుకోరు. బాండ్ల గిరాకీ పుంజుకునే వరకు ఒక కనీస ధరకు అభివృద్ధి సంస్థే కొంటుందన్న హామీ కూడా ఉండాలి.

కేరళ ఉదాహరణ కూడా ఇక్కడ చెప్పాలి, అది మనకు దగ్గరి రాష్ట్రం. 2008లో వారు వరి పొలాలు, చిత్తడి నేలల సంరక్షణ చట్టం తెచ్చారు. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయ అధికారి, గ్రామ అధికారి, ముగ్గురు రైతు ప్రతినిధులతో స్థానిక కమిటీ ఉండి, ఏది వరి పొలమో డేటా బ్యాంకులో నమోదు చేయాలి. గ్రామ స్థాయిలో పొలం గుర్తింపు జరగాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ పొలాన్ని నిలుపుకున్న రైతుకు వచ్చే ఫలం ఆ చట్టంలో బలంగా లేదు. 2018 సవరణతో డేటా బ్యాంకులో లేని భూమిని రుసుము కట్టి మార్చుకునే వీలు కలిగాక దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. కమిటీ ఎంత మంచిదైనా, రైతుకు లాభం మార్పిడిలోనే ఉంటే అందరూ ఆ తలుపు దగ్గరికే వస్తారు.


మధ్యతరగతి

ఒక చిన్న ప్రశ్న. తెలంగాణలో రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తున్నారు, లేఅవుట్లకు ఇవ్వబోమని 2025లో చెప్పారు కూడా. అంటే సాగులో ఉన్న భూమి ఏదో గుర్తించే పని ఇప్పటికే జరుగుతున్నట్టే కదా? నగరాల చుట్టూ రక్షిత ఖండాల్లో ఉన్న పొలాలకు అదే పద్ధతిలో అదనంగా ఇవ్వడానికి ఏమి అడ్డం? నా ప్లాటు మీద పన్ను కొంచెం పెంచి ఆ డబ్బు దానికే వాడతామంటే, నిజంగా దానికే వాడితే, నేను కడతాను.


కౌలు బిడ్డ

మధ్యతరగతి గారూ, మీరు అలా అనడం సంతోషం. రైతు భరోసా కూడా పట్టాదారుకే వెళ్తుందన్నది మరచిపోవద్దని మాత్రం కోరుతున్నాను. అదనపు సొమ్ములో కనీసం సగం ఆ సీజనులో సాగు చేసినవారికి చెందాలి, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదులో ఎవరి పేరు ఉంటే వారికి. యజమాని అడ్డుపడకుండా ఉండాలంటే, ఆ నమోదు వల్ల భూమి మీద ఎటువంటి హక్కూ రాదని చట్టంలోనే రాయాలి. దానికి మేము కూడా ఒప్పుకుంటాము. మాకు కావలసింది పంట మీద హక్కు.


కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను బట్టి మా ఊరి రైతుల తరఫున అభ్యంతర పత్రం రాయడం మొదలుపెట్టాను. ముఖ్యమైన భాగం ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

మా మొదటి కోరిక, వ్యవసాయ జోన్‌ను సర్వే నంబర్ల వారీగా గాక తూము, బోదె ఖండాల వారీగా నిర్ణయించాలని, ఒక్కొక్క ఖండం సరిహద్దును గ్రామసభలో ఆయకట్టు పటం ముందు పెట్టి ఖరారు చేయాలని. అలా ఖరారైన తరువాత, ప్రణాళికను మొత్తంగా సమీక్షించే గడువు వచ్చే వరకు ఏ ఒక్క సర్వే నంబరుకూ విడిగా మార్పు ఇవ్వకూడదు, ప్రభుత్వ అవసరం పేరుతో కూడా. పలుకుబడి ఉన్నవారికి తలుపు మూసి ఉందని రైతులకు నమ్మకం కలిగితే తప్ప మిగిలిన ఏ మాటా వారి చెవికెక్కదు.

రెండవ కోరిక డబ్బు గురించి. మార్పిడి, అభివృద్ధి రుసుముల్లో ఒక నిర్ణీత వాటాను, ఖాళీ ప్లాట్ల మీద పెంచిన పన్నును ప్రత్యేక నిధిగా ఉంచి, రక్షిత ఖండాల్లో పంట వేసిన ప్రతి సీజనుకూ ఎకరాల లెక్కన చెల్లించాలి, అందులో సగం సాగుదారుకు. దానితో పాటు యజమానికి బదిలీ చేయగల నిర్మాణ హక్కు ఇవ్వాలి, నగర పరిధిలో నిర్ణీత ఎత్తు దాటే ప్రతి భవనానికీ ఆ హక్కు కొనడం తప్పనిసరి చేయాలి, కొనేవారు లేనప్పుడు సంస్థే కనీస ధరకు కొనాలి. ఈ షరతులు లేకుండా వ్యవసాయ జోన్ పెడితే 2016లో మాదిరిగానే మేము వ్యతిరేకిస్తామని, ఈ షరతులతో పెడితే మా ఊరు మొదటగా సంతకం చేస్తుందని కూడా రాశాను. ఈ రెండో మాటకు ఊళ్లో పెద్దలు ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది, చివరకు ఒప్పుకున్నారు.

మధ్యతరగతి గారి ప్రశ్నకు సమాధానంగా ఒక పేరా చేర్చాలి, నీళ్లు, మురుగు పైపులు ముందుగా వచ్చే చోట్లు ఏవో ప్రణాళికలో చూపాలని. మాస్టర్ ప్లాన్ గారు దాన్ని రాసి ఇవ్వగలరా? పంట కాలువ గారూ, మా మండలంలో తూముల వారీగా ఆయకట్టు పటాలు ఏ కార్యాలయంలో అడగాలో, దరఖాస్తులో ఏమని రాయాలో చెబితే ఈ వారంలోనే వెళ్తాను.


పంట కాలువ

మీ కాలువ ఏ సెక్షన్ కిందికి వస్తుందో ఆ అసిస్టెంట్ ఇంజనీరు కార్యాలయంలో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద ‘తూముల వారీ ఆయకట్టు రిజిస్టరు, లోకలైజేషన్ పటం నకళ్లు’ అని రాయండి, గ్రామం పేరు, కాలువ పేరు తప్పకుండా వేయండి. వెళ్లేటప్పుడు పాత లస్కరు (కాలువ నీరు చూసే ఉద్యోగి) ఎవరైనా ఉంటే వెంట తీసుకువెళ్లండి. పటంలో ఉండి ఇప్పుడు నేల మీద లేని బోదెలు ఎక్కడెక్కడ పూడిపోయాయో ఆయన వేలితో చూపిస్తారు, ఆ చోట్లన్నీ మీ అభ్యంతర పత్రానికి జతచేసే పటంలో ఎర్ర సిరాతో గుర్తించండి.